కెర్నల్ మెమరీ నుంచి సమాచారం బయటపడే లోపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రైవర్లు రాసేవారు, సర్వర్లు చూసుకునేవారు, సెక్యూరిటీ చదువుతున్న విద్యార్థులు ఈ లోపాల గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఉదాహరణలు ఎక్కువగా లినక్స్ నుంచే తీసుకున్నాను, ఎందుకంటే దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి నేను చెప్పినది నిజమో కాదో ఎవరైనా స్వయంగా తెరిచి చూసుకోవచ్చు. ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలోనే రాశాను. అసలు కోడ్‌లో ఆ పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుందని గమనించగలరు.

కెర్నల్ మెమరీ సమాచార లీక్ అంటే ఏమిటి?

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌నూ మెమరీనీ అదుపులో ఉంచే ప్రధాన భాగం. ఒక ప్రోగ్రామ్ దాన్ని ఏదో అడుగుతుంది. కెర్నల్ జవాబు తయారుచేసి ప్రోగ్రామ్ మెమరీలోకి కాపీ చేస్తుంది. ఆ జవాబుతో పాటు, అడగనివీ ఇవ్వకూడనివీ అయిన కొన్ని బైట్లు కూడా కెర్నల్ మెమరీ నుంచి వెళ్లిపోతే దానిని సమాచార లీక్ అంటారు. పలక మీద ముందు పిల్లవాడు చేసిన లెక్కను తుడవకుండా, మూలన ఉన్న కాస్త చోటులో మన జవాబు రాసి పలక మొత్తాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చినట్టే ఇది. మనం రాసిన జవాబులో తప్పేమీ ఉండదు, కానీ పలక మీద ఉన్నది అదొక్కటే కాదు.

దాడి చేసేవారు ఇక్కడ ఏ తాళమూ పగలగొట్టరు. అనుమతి ఉన్న సిస్టమ్ కాల్‌నే (కెర్నల్‌ను పని అడిగే పిలుపు) పద్ధతి ప్రకారం పిలుస్తారు, ఇవ్వకూడనిది కెర్నల్ తానే తెచ్చి ఇస్తుంది.

‘మెమరీ లీక్’ అని మేము కాలేజీలో చదువుకున్నది ఇదేనా?

కాదు. తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోవడం వల్ల అది క్రమంగా తరిగిపోవడాన్ని మెమరీ లీక్ అంటారు. అక్కడ పోయేది స్థలం, ఇక్కడ పోయేది రహస్యం. రెండింటికీ ఒకే మాట వాడడం వల్ల ఇంటర్వ్యూలలోనే కాదు, బగ్ రిపోర్టులలో కూడా గందరగోళం తలెత్తుతోంది. అందుకే ఈ రంగంలో ఉన్నవారు దీన్ని ‘ఇన్ఫోలీక్’ అని విడిగా పిలుస్తారు.

కెర్నల్ పాత డేటాను తుడవకుండా ఎందుకు వదిలేస్తుంది?

వేగం కోసం. కెర్నల్ స్టాక్ (ఫంక్షన్లు తమ తాత్కాలిక విలువలు పెట్టుకునే మెమరీ) మీద ఒక ఫంక్షన్ పని ముగించి వెళ్లిపోయినా అది వాడిన చోటు అలాగే ఉంటుంది, తర్వాత పిలిచిన ఫంక్షన్ అదే చోటును వాడుకుంటుంది. అవసరమైనప్పుడు ముక్కలుగా అడిగి తీసుకునే మెమరీ అయిన హీప్‌లో కూడా అంతే. ఒకరు వదిలిన ముక్కను ఇంకొకరికి ఇచ్చే ముందు సున్నాలతో నింపమని విడిగా అడిగితే తప్ప లినక్స్ చాలాకాలం పాటు నింపేది కాదు. కేమాలక్ అనే ఫంక్షన్ ముక్కను ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది, కేజీఅలాక్ సున్నాలు నింపి ఇస్తుంది. ఆ ఒక్క అక్షరం తేడాతో ఎన్నో లోపాలు పుట్టాయి.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ప్రోగ్రామ్‌లకు కొత్తగా ఇచ్చే పేజీలను మాత్రం కెర్నల్ ఎప్పుడూ శుభ్రం చేసే ఇస్తుంది. ఒకరి డేటా ఇంకొకరికి కనిపించకూడదన్న నియమాన్ని ఆ హద్దు దగ్గర గట్టిగా పాటిస్తుంది గాని, తన లోపల వాడుకునే మెమరీ విషయంలో తనను తాను నమ్ముకుంది. ఆ మెమరీలోని ముక్కే హద్దు దాటి బయటికి వెళ్లే సందర్భంలో ఆ నమ్మకం దెబ్బతింటుంది.

నిజంగా జరిగిన ఒక ఉదాహరణను దగ్గరగా చూపించగలరా?

సీవీఈ-2016-4482 (సీవీఈ అంటే బయటపడిన లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబరు) చాలా చిన్నది, కాబట్టి మొత్తం కంటికి ఆనుతుంది. లినక్స్‌లో యూఎస్‌బీ పరికరాలతో ప్రోగ్రామ్‌లు నేరుగా మాట్లాడడానికి యూఎస్‌బీఎఫ్ఎస్ అనే దారి ఉంది. పరికరం నంబరు ఎంత, అది తక్కువ వేగం గలదా కాదా అని అడిగితే జవాబిచ్చే ఒక చిన్న ఫంక్షన్ అందులో ఉండేది. జవాబు స్ట్రక్చర్‌లో రెండే గదులు: 4 బైట్ల పరికరం నంబరు, 1 బైటు వేగం గుర్తు. మొత్తం 5 బైట్లు కావాలి. కానీ 4 బైట్ల సంఖ్యలు 4తో భాగింపబడే చిరునామాలోనే మొదలవ్వాలన్న నియమం వల్ల కంపైలర్ ఆ స్ట్రక్చర్‌ను 8 బైట్లు చేస్తుంది. చివరి 3 బైట్లకు పేరు లేదు, పని లేదు. వాటినే ప్యాడింగ్ అంటారు.

ఫంక్షన్ రాసినవారు అశ్రద్ధ చేశారని అనలేము. రెండు గదులనూ పేరుపేరునా నింపారు. అయితే జవాబును ప్రోగ్రామ్ మెమరీలోకి పంపే కాపీ టు యూజర్ అనే ఫంక్షన్‌కు ఇచ్చిన కొలత స్ట్రక్చర్ మొత్తం, అంటే 8 బైట్లు. ఆ మూడు బైట్లలో అంతకుముందు కెర్నల్ స్టాక్ మీద ఏముంటే అది ప్రోగ్రామ్ చేతికి వెళ్లిపోయేది. సరిచేసిన ప్యాచ్‌లో ముఖ్యమైన వాక్యం ఒక్కటే: ముందుగా మెమ్‌సెట్‌తో 8 బైట్లనూ సున్నా చేసి, ఆ తర్వాత గదులు నింపడం.

కోడ్‌ను ఎన్నిసార్లు చదివినా ఆ మూడు బైట్లు కనిపించవు, ఎందుకంటే సోర్స్‌లో అవి అసలు లేవు. కంపైలర్ తెచ్చిన గదులవి. మనిషి కంటి మీద ఆధారపడే పరిశీలన ఇక్కడ ఓడిపోవడానికి కారణం అదే.

మూడు బైట్లు పోతే ఏమి కొంప మునుగుతుంది?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది, జవాబు కూడా కాస్త పొడవైనదే.

ముందుగా, ఆ మూడు బైట్లు ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. 64 బిట్ల ఎక్స్86 యంత్రంలో లినక్స్ కెర్నల్ కోడ్ చిరునామా 8 బైట్లు ఉంటుంది, అందులో పై నాలుగు బైట్లూ ఎప్పుడూ ఒకటే, హెక్స్ (పదహారు ఆధారపు) లెక్కలో అన్నీ ఎఫ్‌లే. ఇంటెల్ పద్ధతిలో చిన్న బైటు ముందు, పెద్ద బైటు చివర నిలుస్తాయి. యూఎస్‌బీ ఉదాహరణలోని ప్యాడింగ్ 8 బైట్ల చోటులో చివరి మూడు బైట్లు కాబట్టి, అక్కడ పాత కోడ్ చిరునామా ఉంటే బయటపడేవి ఆ మారని ఎఫ్‌లు మాత్రమే. వాటివల్ల ఒరిగేది లేదు. అదే చోటులో స్టాక్ కానరీ (స్టాక్ చెడిందా అని పసిగట్టడానికి పెట్టే రహస్య సంఖ్య) ఉండి ఉంటే మాత్రం ఊహించలేని రహస్యంలో 3 బైట్లు పోయినట్టే.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. ముందు 1 బైటు గది, తర్వాత 4 బైట్ల గది ఉన్న స్ట్రక్చర్ అనుకుందాం. ప్యాడింగ్ ఇప్పుడు రెండో, మూడో, నాలుగో బైట్ల మీద పడుతుంది. కెర్నల్ ఎక్కడ కూర్చుందో ప్రతి బూట్‌కూ మార్చే కేఏఎస్ఎల్ఆర్ అనే రక్షణ, ఎక్స్86 లినక్స్‌లో కెర్నల్ కోడ్‌ను 1 గిగాబైటు పరిధిలో 2 మెగాబైట్ల అడుగులతో జరుపుతుంది. అంటే గరిష్ఠంగా 512 స్థానాలు, 9 బిట్లు. ఆ 9 బిట్లు చిరునామాలో సరిగ్గా మూడో, నాలుగో బైట్లలో ఉంటాయి. డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే కెర్నల్ ఫైలు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగలిగినదే కాబట్టి, జరపకముందు ఆ ఫంక్షన్ చిరునామా ఎంతో దాడి చేసేవారికి ముందే తెలుసు. బయటపడిన దాని నుంచి తెలిసినదాన్ని తీసివేస్తే జరిగిన దూరం చేతికొస్తుంది. మూడు బైట్లతో ఆ రక్షణ మొత్తం వీగిపోయింది.

512 స్థానాలే అయితే ఊహించి ప్రయత్నించవచ్చు కదా అని అడుగుతారు. కెర్నల్‌లో ఒక్క తప్పు ఊహ చాలు, యంత్రం కుప్పకూలుతుంది, నిర్వాహకుడు లాగ్‌లు తెరుస్తాడు. లీక్ ఉంటే మొదటి దెబ్బే తగులుతుంది.

చిరునామాలు, కానరీలు మాత్రమే కాదు. పెద్ద లీక్‌లలో ఇతర వాడుకరుల ఫైళ్ల ముక్కలు, నెట్‌వర్క్ ప్యాకెట్లు, క్రిప్టోగ్రఫీ కీలు కూడా బయటపడగలవు. అయినా ఆచరణలో ఎక్కువ హాని చేసేవి ఆ చిన్న చిరునామాలే అని నా అభిప్రాయం.

ఇలాంటి లీక్‌ను నిజమైన దాడిలో వాడిన దాఖలా ఉందా?

ఉంది. 2016 ఆగస్టులో ఎమిరేట్స్‌కు చెందిన మానవ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ ఫోన్‌కు ఒక లింకుతో మెసేజ్ వచ్చింది. ఆయన దాన్ని నొక్కకుండా టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధన బృందమైన సిటిజెన్ ల్యాబ్‌కు పంపారు. లుకౌట్ అనే మొబైల్ భద్రతా సంస్థతో కలిసి వారు పరిశీలించగా అందులో మూడు లోపాల గొలుసు బయటపడింది. పెగాసస్ స్పైవేర్‌ను ఐఫోన్‌లోకి దింపడానికి దాన్ని తయారుచేశారు. మొదటిది బ్రౌజర్ ఇంజన్‌లో లోపం. చివరిది కెర్నల్‌ను స్వాధీనం చేసుకునే లోపం. మధ్యలో ఉన్నది సీవీఈ-2016-4655, అది కెర్నల్ సమాచార లీక్.

ఆ లీక్ పనిచేసిన తీరు సులభంగానే అర్థమవుతుంది. ఐఓఎస్ కెర్నల్‌లో ఒక సంఖ్యను వస్తువుగా తయారుచేసేటప్పుడు ఆ సంఖ్య ఎన్ని బిట్లదో ప్రోగ్రామ్ చెప్పేది, కెర్నల్ సరిచూసేది కాదు. తర్వాత అదే సంఖ్యను తిరిగి అడిగితే, స్టాక్ మీద ఉన్న 8 బైట్ల గదిలో విలువను పెట్టి, ముందు చెప్పిన అబద్ధపు పొడవు ప్రకారం చదివి ఇచ్చేది. ఎనిమిది బైట్లు దాటాక ఉన్నవన్నీ కెర్నల్ స్టాక్‌లోని ఇతర విషయాలే. వాటిలో రిటర్న్ చిరునామాలు కూడా ఉన్నాయి. కెర్నల్ ఎక్కడుందో అలా తెలుసుకున్నాకే మూడో లోపాన్ని గురి చూసి వాడగలిగారు. ఆపిల్ ఆగస్టు 25న ఐఓఎస్ 9.3.5 విడుదల చేసి మూడింటినీ మూసివేసింది.

విడిగా చూస్తే ఆ మధ్య లోపం ఎవరి ఫోన్‌నూ స్వాధీనం చేసుకోలేదు. కానీ అది లేకుంటే గొలుసు తెగిపోయేది.

ప్యాడింగ్ కాకుండా ఇంకా ఏయే దారుల్లో బయటపడుతుంది?

నా అనుభవంలో ఎక్కువగా కనిపించేది సగం నింపిన జవాబు. పని సాఫీగా జరిగితే అన్ని గదులూ నింపుతారు. తప్పు వస్తే ఎర్రర్ నంబరు ఒక్కటి పెట్టి ఫంక్షన్ చివరికి దూకుతారు, అక్కడ రెండు సందర్భాలకూ ఉమ్మడిగా ఉన్న కాపీ వాక్యం స్ట్రక్చర్ మొత్తాన్నీ పంపేస్తుంది. కొన్నేళ్ల కిందట నేను పరిశీలించిన ఒక డ్రైవర్‌లో సరిగ్గా ఇదే ఉంది. పరికరం తీసేసి ఉన్నప్పుడు మాత్రమే ఆ దారిన వెళ్తుంది కాబట్టి ఏ పరీక్షలోనూ అది పట్టుబడలేదు.

నిర్ణీత పొడవు గల పేర్లు ఇంకొకటి. 32 బైట్ల అక్షరాల గదిలో ఐదు అక్షరాల పేరు రాస్తే, ముగింపు సున్నా తర్వాత ఉన్న 26 బైట్లు ఎవరూ ముట్టుకోరు. స్క్రీన్ మీద పేరు సరిగ్గానే కనిపిస్తుంది, వెనక ఉన్నది కనిపించదు.

ఒకే చోటును పలు సభ్యులు పంచుకునే యూనియన్లతో కూడా జాగ్రత్తగా ఉండాలి. చిన్న సభ్యుడిని నింపి పెద్ద సభ్యుడి కొలతతో పంపితే మిగిలిన భాగం పాతదే. జీసీసీ కంపైలర్ 15వ వెర్షన్ నుంచి, బ్రాకెట్లలో ఒక్క సున్నా పెట్టి యూనియన్‌ను మొదలుపెడితే మొత్తం శుభ్రమవుతుందన్న హామీ లేదు, మొదటి సభ్యుడు మాత్రమే సున్నా అవుతాడు. పాత అలవాటు మీద నడిచే కోడ్‌కు ఇది పెద్ద మార్పు.

హద్దు దాటి చదవడం పెగాసస్ ఉదాహరణలో చూశాం. ఇక చిరునామాలను కెర్నలే స్వయంగా ప్రింట్ చేయడం ఉంది. లాగ్‌లలో, కెర్నల్ తన స్థితిని చూపించే ప్రాక్ ఫైళ్లలో పాయింటర్ విలువలు (మెమరీ చిరునామాలు) నేరుగా కనిపించే రోజులు చాలాకాలం నడిచాయి. 2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15 నుంచి సాధారణ పాయింటర్ ఫార్మాట్ అసలు విలువకు బదులు హాష్ చేసిన విలువను చూపిస్తుంది.

యంత్రంలో ఖాతా లేనివారు దూరం నుంచి ఈ లీక్‌లను వాడగలరా?

చాలావరకు ఇవి లోపల ఉన్న ప్రోగ్రామ్‌లకే అందుతాయి. కానీ కెర్నల్ జవాబు పంపేది ప్రోగ్రామ్‌లకే కాదు, నెట్‌వర్క్‌కు కూడా.

2003 జనవరిలో ఓఫిర్ ఆర్కిన్, జోష్ ఆండర్సన్ బయటపెట్టిన ఈథర్‌లీక్ అనే లోపం (సీవీఈ-2003-0001) దీనికి పాత నిదర్శనం. ఈథర్‌నెట్ ఫ్రేములో డేటా కనీసం 46 బైట్లు ఉండాలి. పంపేది అంతకంటే చిన్నదైతే మిగతా చోటును సున్నాలతో నింపాలి. అనేక డ్రైవర్లు నింపేవి కావు. బఫర్‌లో ముందు ఉన్నదే తీగ మీదికి వెళ్లేది. చిన్న పింగ్ పంపి, వచ్చిన జవాబు చివర ఏముందో చూస్తే చాలు, అంతకుముందు ప్యాకెట్ల ముక్కలు కనిపించేవి.

2020లో గూగుల్‌కు చెందిన ఆండీ న్గుయెన్ లినక్స్ బ్లూటూత్‌లో కనుగొన్న సీవీఈ-2020-12352 కూడా ఈ కోవలోదే. 18 బైట్ల జవాబు స్ట్రక్చర్‌లో తప్పు వచ్చినప్పుడు 2 బైట్లు మాత్రమే నింపి మొత్తం పంపేవారు. మిగిలిన 16 బైట్ల కెర్నల్ స్టాక్, బ్లూటూత్ అందే దూరంలో ఉన్న ఎవరికైనా, జత చేయకుండానే, చేరేది. ఆయన దానికి ఇంకొక హీప్ లోపాన్ని జతచేసి, ఎవరూ ఏదీ నొక్కకుండానే కోడ్ నడిపించవచ్చని చూపించారు. ఎర్రర్ దారిలో సగం నింపిన జవాబు అని పైన చెప్పినదే మళ్లీ ఇక్కడ కనిపిస్తోంది.

మెల్ట్‌డౌన్ కూడా ఇలాంటిదేనా?

ఫలితంలో దగ్గర, కారణంలో దూరం. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్‌లో కెర్నల్ కోడ్ తప్పేమీ లేదు. ప్రాసెసర్ ముందస్తుగా చేసిన పని కాష్‌లో జాడలు వదలడం వల్ల కెర్నల్ మెమరీని చదవగలిగారు. మందు కూడా వేరు: కెర్నల్ పేజీ టేబుళ్లను వాడుకరి వైపు నుంచి విడదీయడం. ఈ పేజీలోని మిగతా సలహాలు దానికి వర్తించవు.

ఇన్నేళ్లు వీటిని ఎవరూ ఎందుకు పట్టుకోలేకపోయారు?

ఏదీ ఆగిపోదు, ఏదీ కూలదు. ప్రోగ్రామ్‌కు సరైన జవాబే వస్తుంది. హద్దు దాటి రాసే లోపాలకు ఏదో ఒక రోజు క్రాష్ సాక్ష్యం చెబుతుంది, దీనికి సాక్షి ఉండడు. అందుకే వీటి వేటలో పురోగతి మొత్తం పనిముట్ల వల్లనే వచ్చింది.

గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసిన మాటేయుష్ యుర్చిక్ 2017లో బాక్స్‌పోన్ రీలోడెడ్ అనే పనిముట్టును చూపించారు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని బాక్స్ అనే ఎమ్యులేటర్ లోపల నడిపించి, కెర్నల్ మెమరీలో ఇంకా ఏమీ రాయని ప్రతి బైటుకూ గుర్తు తగిలించి, ఆ గుర్తు ఉన్న బైటు వాడుకరి వైపు వెళ్లగానే పట్టుకోవడం దాని పద్ధతి. విండోస్‌లో 70కి పైగా, లినక్స్‌లో 10కి పైగా లోపాలు అలా దొరికాయి. విండోస్ సోర్స్ చేతిలో లేకుండానే అన్ని దొరకడం ఆ పద్ధతి బలాన్ని చెబుతుంది.

లినక్స్ వైపు అదే పనిని కేఎంశాన్ అనే పనిముట్టు చేస్తుంది. క్లాంగ్ కంపైలర్ సాయంతో కెర్నల్ మెమరీకి నీడ లాంటి రెండో మెమరీని పెట్టి, ఏ బిట్టు నింపారో ఏది నింపలేదో, నింపని విలువ మొదట ఎక్కడ పుట్టిందో కూడా గుర్తుంచుకుంటుంది. గూగుల్‌లో అలెగ్జాండర్ పొటాపెంకో నడిపించిన ఈ పని 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో ప్రధాన కెర్నల్‌లోకి చేరింది. సిజ్‌కాలర్ అనే ఫజర్ రాత్రింబగళ్లు సిస్టమ్ కాల్స్‌ను రకరకాలుగా కలిపి పిలుస్తూ ఉంటే, కేఎంశాన్ ‘కెర్నల్ ఇన్ఫోలీక్’ అన్న శీర్షికతో రిపోర్టులు ఇస్తుంది. మెమరీ చాలా ఎక్కువ తింటుంది, వేగం బాగా తగ్గుతుంది, కాబట్టి దాన్ని పరీక్షా యంత్రాలలోనే వాడాలి.

అయితే శాశ్వత పరిష్కారం ఏమిటి?

ఒక్కొక్క లీక్‌నూ కనిపెట్టి ఒక్కొక్క మెమ్‌సెట్ రాసుకుంటూ పోవడం ఎప్పటికీ తెగని పని. రాసేవారి జ్ఞాపకశక్తి మీద భద్రతను నిలబెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. తుడవడం అనేది అడగకుండానే జరగాలి. సంతోషకరమైన విషయం ఏమంటే గత కొన్నేళ్లుగా కెర్నళ్లు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

హీప్ కోసం లినక్స్ 5.3లో, 2019లో, ఇనిట్ ఆన్ అలాక్, ఇనిట్ ఆన్ ఫ్రీ అనే రెండు ఏర్పాట్లు వచ్చాయి. మొదటిది ఇచ్చేటప్పుడు సున్నాలు నింపుతుంది, రెండోది తిరిగి తీసుకునేటప్పుడు తుడిచేస్తుంది. స్టాక్ కోసం కంపైలర్ సాయం కావాలి. లోకల్ వేరియబుల్స్ అన్నిటినీ, మధ్యలోని ప్యాడింగ్‌తో సహా, సున్నాతో మొదలుపెట్టే సదుపాయం ముందు క్లాంగ్‌లో, 2022లో జీసీసీ 12లో కూడా వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇనిట్‌ఆల్ పేరుతో ఇలాంటి ఏర్పాటునే విండోస్ 10 వెర్షన్ 1903 కెర్నల్ కోడ్‌లో మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన ఎక్స్‌అలకేట్‌పూల్2 అనే ఫంక్షన్ హీప్ మెమరీని సున్నా చేసే ఇస్తుంది, వద్దనుకుంటే విడిగా చెప్పాలి.

ఇక్కడ మూలంలో మారినది ఒక్కటే. మునుపు శుభ్రత కావాలంటే అడగాలి, ఇప్పుడు శుభ్రత వద్దంటే అడగాలి.

దీనివల్ల యంత్రం నెమ్మదించదా?

నెమ్మదిస్తుంది, కానీ భయపడినంత కాదు. ఇనిట్ ఆన్ అలాక్ వల్ల ఎక్కువ పనులలో 1 శాతం లోపు, కొన్ని కృత్రిమ పరీక్షలలో 7 శాతం వరకు భారం ఉంటుందని లినక్స్ సొంత వివరణే చెబుతుంది. ఇనిట్ ఆన్ ఫ్రీ ఖరీదు ఎక్కువ, సాధారణంగా 3 నుంచి 5 శాతం. ఇప్పుడే నింపిన బైట్లు కాష్‌లో వేడిగా ఉండి వెంటనే వాడకానికి వస్తాయి, తుడిచి పక్కన పెట్టినవి చల్లారిపోతాయి. తేడాకు కారణం అదే. వేగం మీద పట్టుదల ఉన్న డేటాబేస్ సర్వర్‌లో కూడా మొదటిదాన్ని ఆన్ చేసి కొలిచి చూడమనే నా సలహా. కొలవకుండా ఆపేయడం తగదు.

నేను డ్రైవర్ రాస్తున్నాను. పరిశీలనలో ఏమి చూసుకోవాలి?

కాపీ టు యూజర్ పిలిచిన ప్రతిచోటా ఆగి, ‘ఈ కొలతలోని ప్రతి బైటునూ ఎవరు రాశారు?’ అని అడగండి. జవాబు స్పష్టంగా రాకపోతే, స్ట్రక్చర్‌ను ప్రకటించిన వెంటనే మెమ్‌సెట్ పెట్టండి. గదులను పేరుపేరునా మొదలుపెడితే చాలని అనుకోవద్దు. పేర్కొనని గదులు సున్నా అవుతాయని సీ భాష హామీ ఇస్తుంది గాని ప్యాడింగ్ గురించి ఆ హామీ లేదు. యూఎస్‌బీ ఉదాహరణలో జరిగింది అదే.

కొత్త ఇంటర్‌ఫేస్ రూపొందిస్తున్నట్లయితే ప్యాడింగ్‌ను కంపైలర్‌కు వదలకండి. ‘రిజర్వ్‌డ్’ అన్న పేరుతో ఆ బైట్లను మీరే గదిగా ప్రకటించండి. అప్పుడు 32 బిట్ల ప్రోగ్రామ్‌కూ 64 బిట్ల కెర్నల్‌కూ స్ట్రక్చర్ ఒకే కొలతలో ఉంటుంది, రేపు కొత్త అవసరం వస్తే ఆ చోటు పనికొస్తుంది. ప్రోగ్రామ్ ఇచ్చిన పొడవును నమ్మి కాపీ చేసే చోట, ఆ పొడవును మీ స్ట్రక్చర్ కొలతతో పోల్చి చిన్నదాన్నే వాడండి. లినక్స్ 4.8లో వచ్చిన హార్డెన్‌డ్ యూజర్‌కాపీ హీప్ ముక్క హద్దు దాటే కాపీని ఆపుతుంది గాని, హద్దు లోపల ఉన్న పాత బైట్లను అది పట్టించుకోదు.

క్రిప్టో కీని వాడాక తుడిచేటప్పుడు మాత్రం సాధారణ మెమ్‌సెట్ వాడకండి. ఆ తర్వాత ఎవరూ చదవని బఫర్ కాబట్టి కంపైలర్ ఆ తుడుపు దండగ అని తీసేయవచ్చు. అందుకోసమే మెమ్‌జీరో ఎక్స్‌ప్లిసిట్ అనే ఫంక్షన్ ఉంది.

రస్ట్ భాషలో రాస్తే ఈ బాధ ఉండదా?

చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. నింపని వేరియబుల్‌ను చదవడానికి రస్ట్ ఒప్పుకోదు, హద్దు దాటి చదవనివ్వదు. కానీ సీ ప్రోగ్రామ్‌లతో మాట్లాడే స్ట్రక్చర్‌లు సీ అమరికలోనే ఉండాలి కాబట్టి అందులో ప్యాడింగ్ వస్తుంది. దాన్ని బైట్లుగా మార్చి బయటికి పంపితే పాత కథే. లినక్స్ రస్ట్ కోడ్‌లో ఇందుకు యాజ్‌బైట్స్ అనే ట్రెయిట్ ఉంది; నింపని బైటు ఒక్కటీ లేని రకాలకే దాన్ని ఇవ్వాలి. ఆ మాటకు పూచీ పడేది మాత్రం ‘అన్‌సేఫ్’ అని రాసిన మనిషే.

బులెటిన్‌లో తీవ్రత 5.5, మధ్యస్థం అని ఉంది. అప్‌డేట్ వాయిదా వేయవచ్చా?

వేయవద్దు. లోపాల తీవ్రతకు మార్కులు వేసే సీవీఎస్ఎస్ పద్ధతి ఒక్కొక్క లోపాన్ని విడిగా తూస్తుంది. లోపలి నుంచి మాత్రమే వాడగలిగి, రహస్యం పోయి, ఏమీ చెడిపోని లోపానికి ఆ లెక్కలో 5.5 వస్తుంది, ఆ లెక్కలో తప్పులేదు. కానీ దాడి చేసేవారు లోపాలను గొలుసుగా వాడతారు. ఒకే యంత్రంలో పలువురి పనులు నడిచే హోస్టింగ్ సర్వర్లు, కంటైనర్లు నడిచే యంత్రాలు, విద్యార్థులందరికీ ఖాతాలున్న కాలేజీ ల్యాబ్ సర్వర్లు అయితే లోపలివారే అపరిచితులు. అక్కడ ‘లోపలి నుంచి మాత్రమే’ అన్న మాట ఊరట ఇవ్వదు.

నా లినక్స్ యంత్రంలో రక్షణలు ఉన్నాయో లేదో ఎలా చూసుకోవాలి?

బూట్ డైరెక్టరీలో మీ కెర్నల్ వెర్షన్‌తో ఉన్న కాన్ఫిగ్ ఫైలు తెరిచి ‘ఇనిట్ ఆన్ అలాక్ డిఫాల్ట్ ఆన్’, ‘ఇనిట్ స్టాక్ ఆల్ జీరో’ అన్న పంక్తులు వెతకండి. మొదటిది లేకపోయినా బూట్ లైన్‌లో ఇనిట్ ఆన్ అలాక్ విలువను 1గా ఇచ్చి ఆన్ చేసుకోవచ్చు. రెండోది కంపైల్ చేసేటప్పుడే ఉండాలి. కెర్నల్ సెట్టింగ్‌లను చూపే సిస్‌సీటీఎల్‌లో కేపీటీఆర్ రిస్ట్రిక్ట్ విలువ 1 గాని 2 గాని ఉండాలి, డీమెసేజ్ రిస్ట్రిక్ట్ 1 ఉండాలి. సాధారణ వాడుకరిగా ప్రాక్ కింది కాల్‌సిమ్స్ ఫైలు తెరిస్తే చిరునామాలన్నీ సున్నాలుగా కనిపించాలి. అసలు విలువలు కనిపిస్తే ఎవరో ఆ సెట్టింగ్‌ను సడలించారని అర్థం.

నాకు ఒక లీక్ దొరికింది. ఎవరికి చెప్పాలి?

లినక్స్ అయితే సోర్స్‌తో పాటు వచ్చే గెట్ మెయింటెయినర్ స్క్రిప్ట్‌తో ఆ ఫైలు బాధ్యులెవరో తెలుసుకుని, వారికీ కెర్నల్ సెక్యూరిటీ బృందానికీ కలిపి సాదా టెక్స్ట్‌లో ఈమెయిల్ రాయండి. 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ సీవీఈ నంబర్లను కెర్నల్ బృందమే ఇస్తోంది, కానీ నంబరు సరిచేసిన తర్వాత వస్తుంది కాబట్టి దానికోసం ఆగనక్కరలేదు. విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ భద్రతా స్పందన కేంద్రానికి చెప్పాలి. పరికరం తయారీదారు ఎవరో తేలకపోయినా, జవాబు రాకపోయినా, మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ లోపాల నివేదికలు తీసుకుని సంబంధిత సంస్థకు చేరవేస్తుంది.

నివేదికలో ఏ ఫైలు, ఏ ఫంక్షన్, ఎన్ని బైట్లు, స్ట్రక్చర్‌లో ఎన్నో బైటు నుంచి అన్నది రాయండి. వీలైతే ప్యాచ్ కూడా జతచేయండి, చాలాసార్లు అది ఒక్క పంక్తే. పరీక్షలో బయటపడిన బైట్లలో ఇతరుల డేటా ఏమైనా ఉంటే దాన్ని నివేదికలో అంటించకండి. కెర్నల్ చిరునామాలా ఉన్న ఒకటి రెండు విలువలు చూపిస్తే బాధ్యులకు విషయం అర్థమవుతుంది.